గాలివార్తలు – మన గడపలు

పేరులోనే ఉప్పు గల మా ఉప్పుగూడలో ఒకనాటి రాత్రి ఉప్పు దొరకదని జనులు దుకాణములకు పరుగులెత్తిరి. ఈ మాట వినిన సోదరీమణులు నవ్వుకొందురు గాక. మేమును ఇప్పుడు నవ్వుకొనుచునే యున్నాము. ఆ రాత్రి మాత్రము మాకు నవ్వు రాలేదు. అది 2016వ సంవత్సరము నవంబరు మాసము. ఆ నెల 8వ తేదీ రాత్రి అయిదువందల రూపాయల నోట్లును, వేయి రూపాయల నోట్లును ఇక చెల్లవని కేంద్ర ప్రభుత్వము ప్రకటించెను. మూడు దినములు గడచునప్పటికి, దేశములో ఉప్పు నిండుకొన్నదనియు, కిలో రెండువందలకును మూడువందలకును అమ్ముచున్నారనియు ఉత్తరదేశమున బయలుదేరిన మాట హైదరాబాదు పాతబస్తీకి వచ్చి చేరెను. మా యత్తగారు మాగన్నుగా నిద్రించుచున్నవారు లేచి, చెప్పులైన తొడుగుకొనక కిరాణా దుకాణమునకు పోయి, పది పొట్లములు పట్టుకొని వచ్చిరి. చెల్లని నోటు నిచ్చి చెల్లెడి యుప్పు తెచ్చితినని ఆమెకు కొంత గర్వము కూడ కలిగెను. ఆ మరుసటి వేసవిని మా యింట ఆవకాయకు వేరుగ ఉప్పు కొనవలసిన పని లేకపోయెను.

మన దేశమునకు ఉప్పు కఱవా? మూడు ప్రక్కల సముద్రమున్నది. ఒక్క గుజరాతు రాష్ట్రమే దేశమందలి యుప్పులో నాలుగింట మూడు వంతులకు పైగా పండించుచున్నది. ప్రభుత్వము వారు ఉప్పునకు కొఱత లేదని మరునాడే చెప్పిరి. రెండు దినములలో ఆ మాట సద్దుమణగెను. అయినను ఆ రాత్రి మా వీధిలో, చదువుకొన్న యింటివారును చదువుకొనని యింటివారును ఒకే వరుసలో నిలువబడిరి గదా, కారణమేమని మేము చాల దినములు యోచించితిమి.

ఈ యోచనకు సాయపడిన యొక సంగతి మాకు మన దేశమునుండియే లభించినది. 1934వ సంవత్సరము జనవరి 15వ తేదీని బీహారులో ఘోరమైన భూకంపము వచ్చెను. అప్పుడు పాట్నాలో జమునాప్రసాద్ అను మనశ్శాస్త్ర పండితుడు జనుల నోళ్ల నాడిన వదంతులను పోగుచేసి, మరుసటి యేట ఒక వ్యాసము ప్రకటించెను. గంగానదిలో నీరు మాయమైనదట, చంద్రగ్రహణము నాడు మరల భూమి కంపించునట, ఇట్టి మాటలు. ఆయన గమనించినదేమనగా, భూమి కదలినను ఏ నష్టమును జరుగని యూళ్లలో ఈ భయపు మాటలు బలముగ వ్యాపించెను. గుండె దడదడలాడుచున్నది గాని, కన్నులయెదుట దానికి తగిన కారణము లేదు. అట్టి స్థితిలో మనస్సు కారణమును వెదకుకొనును. దొరకనిచో ఎవరైన తెచ్చి యిచ్చిన దానిని పుచ్చుకొనును. అమెరికాలో ఆల్పోర్టు, పోస్టుమన్ అను నిద్దరు పండితులు 1947లో వదంతులపై ఒక గ్రంథము వ్రాసి, విషయము మనకెంత ముఖ్యమో, సంగతి యెంత అస్పష్టమో, ఆ రెంటి కలయికను బట్టి వదంతి బలపడునని చెప్పిరి. నోట్లు చెల్లకపోయిన వారములో ప్రతి గృహిణికిని రేపటి వంట ముఖ్యమే; రేపేమగునో యెవరికిని తెలియదు. ఆ భయము ఉప్పుపొట్లము రూపము దాల్చెను. అంతే గాని మా యత్తగారు అవివేకురాలు కారు.

ఉప్పుమాటతో పోయినది కొంత సొమ్ము. తరువాతి కథలో పోయినది ప్రాణము. దానిలో మా చేతి పాలు కూడ కొంత యున్నదని మేము నమ్ముచున్నాము గనుక, దాచక వ్రాయుచున్నాము.

2018వ సంవత్సరము మే నెల. ఎండలు మండుచున్నవి, బడులకు సెలవులు, పిల్లలు చీకటి పడువఱకు వీధులలోనే. ఒకనాటి మధ్యాహ్నము మా సెల్లుఫోనునకు వాట్సాపులో ఒక వీడియోయు, దానితో నాలుగు పంక్తుల హెచ్చరికయు వచ్చెను. మోటారుసైకిలుపై వచ్చిన యిద్దరు వీధిలో ఆడుకొనుచున్న బాలుని ఎత్తుకొని పోవుచున్నట్లు అందు కనబడెను. పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు నగరములో దిగినవనియు, బిచ్చగాండ్ర వేషములలో తిరుగుచున్నారనియు ఆ పంక్తుల సారాంశము. పంపినది మా పినతల్లి కుమార్తె. ఆమెకు పంపినదెవరో మేమడుగలేదు. మేము చేసిన పనియేమనగా, ఒక నిమిషమైన యాలోచింపక దానిని మా బంధువుల గుంపునకును, వీధి స్త్రీల గుంపునకును, మా పిల్లల బడి తల్లుల గుంపునకును పంపితిమి. పిల్లల క్షేమము గదా, పంపినచో పోవునదేమి యనుకొంటిమి.

ఆ వీడియో హైదరాబాదుది కాదు. మన దేశముదే కాదు. పాకిస్థానమందలి కరాచీ నగరములో తప్పిపోయిన పిల్లల కొఱకు పనిచేయు రోష్ని అను సంస్థవారు, తల్లిదండ్రులు జాగ్రత్త పడుటకై నటులతో తీయించిన చిత్రమది. అసలు చిత్రము చివర ఆ మోటారుసైకిలువాండ్రే బాలుని మరల తెచ్చి దింపి, హెచ్చరిక వ్రాసిన యట్టను ఎత్తి చూపుదురు. ఆ చివరి భాగమును ఎవరో కత్తిరించివేసిరి. కత్తిరించిన పిదప మిగిలినది మన దేశమంతయు తిరిగెను. దానితోపాటు తిరిగిన మఱియొక ఘోరమైన ఛాయాచిత్రము, వరుసగ పడియున్న పిల్లల శవములది, 2013లో సిరియాదేశమున విషవాయువు వలన మరణించిన పసివాండ్రది. ఇవన్నియు మాకు తరువాత తెలిసినవి.

మేము పంపిన రెండు దినములకు, పాతబట్టలు తీసికొని స్టీలుగిన్నెలిచ్చెడి యొక స్త్రీ తలపై గంపతో మా గల్లీలోనికి వచ్చెను. గల్లీ మొగదలనే నలుగురైదుగురు కుఱ్ఱవాండ్రు ఆమె నడ్డగించి, ఏ యూరని, ఆధారుకార్డు చూపుమని గద్దించిరి. ఆమె బెదరి మాట తడబడెను. మాట తడబడినకొలది వారి యనుమానము హెచ్చెను. అంతలో మూడవ యింటి పెద్దమ్మ, డెబ్బది యేండ్లు దాటినది, కఱ్ఱ పోటు వేసికొనుచు వచ్చి ఆమె చేయి పట్టుకొని తన యరుగుపై కూర్చుండబెట్టెను. “పదేండ్ల సంది మా వాడకొస్తది గీమె. నా బిడ్డ పెండ్లిచీరకు గంజు ఇచ్చింది గీమెనే. మీరు పుట్టకముందు సంది ఎరుక నాకు. పోండ్రి ఇండ్లకు” అని కసరుకొనెను. లెక్క కొంత తప్పియుండును గాని, కుఱ్ఱవాండ్రు తలలు వంచుకొని పోయిరి. వారిలో నొకడు మా మేనల్లుడు. వాని చేతి ఫోనులో నున్నది మేము పంపిన సందేశమే.

ఆ శనివారము, మే 26వ తేదీ రాత్రి, మాకు రెండు మూడు కిలోమీటర్ల దూరమున నున్న చాంద్రాయణగుట్టలో, మహబూబునగరు ప్రాంతమునుండి రంజాను మాసములో భిక్షకై వచ్చిన నలుగురు హిజ్రాలను గుంపు చుట్టుముట్టెను. పిల్లల నెత్తుకొనిపోవువారని రాళ్లతోను కఱ్ఱలతోను కొట్టిరి. రక్షింపబోయిన పోలీసులనును లెక్కచేయలేదు. నలుగురిలో ఒకరు మరణించిరి. ఆ రాత్రి ఆ వీధిలో ఏ తల్లి బిడ్డయు తప్పిపోలేదు. అచ్చట పెద్దమ్మ వంటివారు ఒక్కరైన లేకపోయిరా, ఉండియు ఆ గుంపులో వారి మాట వినబడలేదా, మేమెఱుగము. మా సందేశమే ఆ వీధికి చేరినదని మేము చెప్పలేము, చేరలేదనియు చెప్పలేము. అట్టివి ఎన్నో చేతులు మారును. ఏ చేతిదని తెలియకపోవుటయే ఆ పాపములోని సౌఖ్యము.

మరునాడు మేము ఆ మూడు గుంపులకును “మేము పంపినది అబద్ధము, క్షమింపుడు” అని వ్రాసితిమి. మొదటి సందేశమునకు ముప్పదిమంది చేతులు జోడించిన బొమ్మలు పంపియుండిరి. ఈ రెండవదానికి ఇద్దరు మాత్రమే బదులు చెప్పిరి. అందులో నొకరు, “అయినను జాగ్రత్తగా నుండుట మంచిదే గదా అక్కా” అనిరి. ఈ యనుభవము మా యొక్కరిదే కాదు. అదే 2018లో అమెరికాలోని ఒక విద్యాసంస్థ పండితులు ట్విట్టరులో 2006 మొదలు 2017 వఱకు తిరిగిన 1,26,000 కథలను పరీక్షించి, అబద్ధపు వార్తను జనులు ఇతరులకు చేరవేయు నవకాశము నిజపు వార్తకంటె నూటికి డెబ్బది పాళ్లు హెచ్చని లెక్కకట్టిరి. అబద్ధములో ఎప్పుడును ఏదో క్రొత్తదనముండును. నిజము అన్నము వంటిది. ఎవరును పొరుగింటికి మోసికొనిపోయి చూపరు.

ఆ వేసవి కథ అంతటితో ముగియలేదు. జూలై 1వ తేదీని మహారాష్ట్రములోని ధూలియా జిల్లా రాయిన్‌పాడా గ్రామమున, భిక్షాటనముతో జీవించు సంచారజాతివారైన అయిదుగురిని గ్రామస్థులు కొట్టి చంపిరి. అదే నెల 13వ తేదీని హైదరాబాదు యువకులు కొందఱు కర్ణాటకమందలి బీదరు జిల్లాకు విహారమునకై పోయిరి. వారిలో ఖతారు దేశస్థుడైన అతిథి యొకడుండెను. త్రోవలో బడిపిల్లలు కనబడగా ముచ్చటపడి చాకొలెట్లు పంచిరి. పిల్లలను ఎత్తుకొనిపోవువారని ఆ వార్త వారి కారుకంటె ముందు వాట్సాపులో పరుగెత్తెను. ముర్కి గ్రామము వద్ద కారు బోల్తాపడగా, గుంపు వారిపై బడెను. ముప్పది రెండేండ్ల యువకుడొకడు, సాఫ్టువేరు ఇంజనీరు, మరణించెను. మే నెలలో మా ప్రక్కకు వచ్చిన పరాయివారు దొంగలైరి. జూలైలో పరాయియూరికి పోయిన మా నగరపు బిడ్డ దొంగయయ్యెను. ఆ తల్లిని తలచుకొన్నపుడు, మేము ఆ మధ్యాహ్నము నొక్కిన మీట మాకు జ్ఞప్తికి వచ్చును.

నాలుగు దినములకు, జూలై 17వ తేదీని, మూకదాడులను అరికట్టుటకై ప్రతి జిల్లాకును ఒక బాధ్యతగల పోలీసు అధికారిని నియమింపవలసినదని సుప్రీముకోర్టు రాష్ట్రములను ఆదేశించెను. వాట్సాపువారును ఆ నెలలోనే, ఒకరినుండి ఒకరికి చేతులు మారిన సందేశమునకు గుఱుతు పెట్టిరి; మన దేశములో ఒకసారి అయిదు చోట్లకు మించి పంపకుండ కట్టడి చేసిరి. 2020 ఏప్రిలులో, పలుమార్లు చేతులు మారిన దానిని ఒక్కచోటికి మాత్రమే పంపునట్లు చేసిరి. ఇవి మంచివే. కాని యంత్రమునకు కట్టిన గడియ వంటివి. ఓపిక గలవారు అయిదు మారులు నొక్కగలరు.

ఇంతకంటె మాకు నచ్చినది గద్వాలలో జరిగిన పని. అది మే నెలకు ముందే మొదలైనది. అప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలకు పోలీసు సూపరింటెండెంటుగా రెమా రాజేశ్వరి యను మహిళ పనిచేయుచుండిరి. పల్లెలలో జనులు వేసవి రాత్రులందు సైతము ఆరుబయట పండుకొనుట మాని, తలుపులు బిగించుకొనుచున్నారని, పిల్లలను వీధికి పంపుట లేదని ఆమె క్రింది యుద్యోగులు గమనించి చెప్పిరి. కారణమారా తీయగా ఫోనులలోని చిత్రములు బయటపడెను. ఆమె చేయించినదేమి? దాదాపు నాలుగువందల గ్రామములలో ఒక్కొక్క గ్రామమునకు ఒక్కొక్క పోలీసువానిని బాధ్యునిగ నుంచి, వారు ఇంటింటికి పోయి మాటలాడునట్లు చేసిరి. డప్పు కొట్టించి చాటింపు వేయించిరి. జానపద గాయకులచే ఈ వదంతుల కథలను పాటలు కట్టించి పాడించిరి. గ్రామస్థుల వాట్సాపు గుంపులలో పోలీసులు కూడ చేరి, వచ్చిన దానిని అచ్చటనే ఖండించిరి. దేశమంతట ఆ యేడు ఇరువదిమందికి పైగా ఈ వదంతులకు బలియైనను, ఆ రెండు జిల్లాలలో ఒక్క ప్రాణమైనను పోలేదు. చదువురాని వారికి చిత్రము వచ్చినది గనుక, జవాబు అక్షరములలో గాక పాటలో రావలెనని ఆమె గ్రహించుట మా కెంతయో ముచ్చట గొలిపినది.

ఇక మేము తెలివి తెచ్చుకొన్న పిదప చేసిన రెండవ తప్పు చెప్పవలెను. 2020 అక్టోబరు 13వ తేదీని నగరముపై కుండపోత వాన కురిసెను. 17వ తేదీ రాత్రి మరల కురిసెను. ఆ రాత్రి బాలాపురము గుఱ్ఱము చెరువు కట్ట తెగినదని, నీరు మనవైపు వచ్చుచున్నదని వీధి గుంపులో ఒకరు వ్రాసిరి. 2018 నాటి దెబ్బ తినియున్న మేము, “ఎవరు చూచిరి? గాలివార్తలు పంపకుడు” అని గట్టిగ మందలించితిమి. చెరువు నిజముగనే తెగినది. ఉప్పుగూడ చుట్టుప్రక్కల బస్తీలు నీట మునిగెను. మా గడప దాటి నీరు లోనికి వచ్చినపుడు బియ్యపు డబ్బాను మంచముపై కెక్కించుటకైన వ్యవధి లేకపోయెను. మందలించినంత సేపటిలో బాలాపురములో నున్న మా మఱదలికి ఒక్క ఫోను చేసియుండినచో సరిపోయెడిది. వచ్చినదంతయు నమ్ముట యెంత సోమరితనమో, వచ్చినదంతయు కొట్టివేయుట అంతే సోమరితనము. రెంటిలోను మేము లేచి విచారింపలేదు.

ఆ వరదకు అనుబంధముగ రాజకీయపు కథ యొకటి నడచెను. వరదపాలైన కుటుంబమునకు పదివేల రూపాయల చొప్పున సాయము చేసెదమని రాష్ట్ర ప్రభుత్వము ప్రకటించెను. నవంబరులో మీసేవా కేంద్రముల యెదుట స్త్రీలు తెల్లవారుజామునుండి బారులు తీరిరి. మా వీధివారును నిలిచిరి. ఇంతలో నగరపాలక సంస్థ యెన్నికలు డిసెంబరు 1వ తేదీని జరుగునని ప్రకటన వెలువడెను. నవంబరు 18వ తేదీని, ఎన్నికలు ముగియువఱకు ఆ సాయమును నిలుపవలసినదని రాష్ట్ర ఎన్నికల సంఘము ఆజ్ఞాపించెను. వరుసలలో నిలిచినవారి కోపము ఊహించుకొనుడు. ఆ కోపములోనికి ఒక లేఖ ఛాయాచిత్రము వచ్చి పడెను. సాయము నాపుమని భారతీయ జనతాపార్టీ రాష్ట్రాధ్యక్షుడు బండి సంజయ్ సంఘమునకు వ్రాసినట్లు అందుండెను. ఆ లేఖ తనది కాదనియు, తన సంతకము దొంగసంతకమనియు ఆయన చెప్పి, పోలీసులకు ఫిర్యాదు చేసి, మా దగ్గఱి చార్మినారు చెంత భాగ్యలక్ష్మి ఆలయమునకు వచ్చి ప్రమాణమునకు సిద్ధమని పలికెను. ప్రతిపక్షులు ఆయనను, ఆయన ప్రతిపక్షులను నిందించిరి.

మాకు ఏ పార్టీతోను పని లేదు. కాని వరుసలో మా ప్రక్కన నిలిచిన యొక ఆపా అడిగిన ప్రశ్న మాకు మిగుల నచ్చెను. “లేఖ ఫోటో అందరి దగ్గర ఉంది. లేఖ ఎవరి దగ్గర ఉంది?” అనెను. ఆమె మూడవ తరగతి దాటలేదట. కాగితము మీది సంతకమును తీసి వేఱొక కాగితముపై అంటించుట నేడు పిల్లల యాట. ఇప్పుడు మనుష్యుని గొంతును, ముఖమును కూడ యంత్రముచే కల్పించుచున్నారు. కావున చూచితిని, వింటినని యనుట చాలదు. అసలుది ఎవరియొద్ద నున్నదో, వారేమనుచున్నారో అడుగవలెను. ఎన్నికల సంఘము ఆజ్ఞ బహిరంగముగ ప్రకటింపబడినదే. దానిని చదివిన కారణము తెలియును. లేఖ చిత్రమును పంపినంతమందిలో ఆ యాజ్ఞను చదివినవారు మాకొక్కరును కనబడలేదు.

ఇట్టివానిని పరీక్షించి చెప్పువారు మన నగరములోనే యున్నారు. 2014లో రాకేశ్ దుబ్బుడు స్థాపించిన ఫ్యాక్ట్‌లీ సంస్థ తెలుగులోను వదంతులను పరిశీలించి ప్రకటించుచున్నది. ఛాయాచిత్రము క్రొత్తదో పాతదో, ఏ దేశముదో వెదకు విధమును మన యింటి పదవ తరగతి పిల్లలే మనకు నేర్పగలరు. మేము మా మేనల్లునియొద్దనే నేర్చుకొంటిమి. చిత్రములో దుకాణముల బోర్డులు ఏ లిపిలో నున్నవో, బండి నెంబరు ఏ తీరుగ నున్నదో చూడుమని వాడే చెప్పెను. కరాచీ వీడియోను మరల చూచినపుడు ఆ వీధి మన వీధి కాదని మాకు స్పష్టముగ కనబడెను. మొదటిసారి మేము వీధిని చూడలేదు. బాలుని మాత్రమే చూచితిమి.

ఇంటి పెద్దలతో వచ్చు చిక్కు వేఱు. మా మామగారు ప్రతి ప్రాతఃకాలము ఏదో యొక రహస్యమును ఫోనులో చదివి భోజనమువేళకు మాకు వినిపింతురు. మొదట మేము “అబద్ధము మామయ్యా” అంటిమి. ఆయనకు కోపము వచ్చి, మఱునాడు రెండు చదివిరి. పెద్దవారిని పదిమందిలో అబద్ధమాడినట్లు చేయుట మన యిండ్లలో చెల్లదు. ఇప్పుడు మేము “ఇది ఎవరు పంపిండ్రు మామయ్యా? ఆయనకు ఎట్ల తెలిసిందంట?” అని మాత్రము అడుగుచున్నాము. ఆయన పంపినవారికి ఫోను చేయుదురు. వారు మఱియొకరి పేరు చెప్పుదురు. మూడవ మనిషి దగ్గఱ తీగ తెగును. ఆయనయే ఫోను ప్రక్కన బెట్టి “ఉత్త ముచ్చట” అందురు. అన్నము చల్లారును గాని, రెండు మూడు వారములలో రహస్యములు కొంత తగ్గెను. పూర్తిగ మానలేదు.

మొన్నటి ఆషాఢములో బోనాల దినమున మేము కుండకు పసుపు కుంకుమలు పెట్టుచుండగా, మహంకాళి గుడి దారిలో గలాటా యైనదని, ఎవరును రావలదని వీధి గుంపులో సందేశము వచ్చెను. పంపినది ఎవరికో వచ్చినది, వారికెవరో పంపినది. మేము గుడిమలుపు దగ్గఱి మిర్చీబజ్జీల బండి అక్కకు ఫోను చేసితిమి. వెనుక డప్పుల మ్రోతలో ఆమె మాట సగము వినబడలేదు. “గలాటానా? బ్యాండోళ్లు ఇద్దరు జాగకు కొట్లాడిండ్రు, అయిపోయింది. జల్ది రాండ్రి, లైను పెద్దగైతుంది” అనెను. ఆమె చెప్పినది ఆమె పేరుతో సహా గుంపులో వ్రాసి, బోనము తలకెత్తుకొని బయలుదేరితిమి. మూడవ యింటి పెద్దమ్మ అరుగుమీదనుండి లేచి మాతో వచ్చెను.